సడలిన కట్టు – సడలరాని ధర్మము

విరిగిన ఎముకకు కట్టు కట్టుట ఒక పూట పని. ఆ కట్టును ఎప్పుడు, ఎంతమేరకు, ఏ జాగ్రత్తతో విప్పవలెనో నిర్ణయించుటలోనే వైద్యుని నేర్పు తెలియును. తొందరపడి విప్పినచో ఎముక అతకదు. విప్పక విడిచినచో కండ కృశించి అవయవమే పనికిరాకుండ పోవును. ఒక శరీరమునకు చెప్పిన ఈ మాట సంఘమునకును వర్తించును. 2020, 2021 సంవత్సరములలో కరోనా మహమ్మారి కారణముగా విధింపబడిన లాక్‌డౌన్ ఆంక్షలను ఎట్లు సడలించవలెనను విషయమున మన దేశములో తీవ్రమైన వాదోపవాదములు సాగినవి. ఆ దినములు గడచిపోయినవి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యయిక స్థితి ముగిసినదని ప్రకటించినది. వ్యాధి భయము తగ్గినది గాని, ఆనాడు మన ముందు నిలిచిన ధర్మసందేహము మాత్రము తీరలేదు. రేపు మరియొక మహమ్మారి వచ్చినను, వరద వచ్చినను, కరవు వచ్చినను అదే సందేహము మరల ఎదుట నిలుచును. కావున నింపాదిగా ఉన్న ఈ కాలముననే దానిని యోచించుట వివేకము.

ఈ విషయమున ఉత్తర తెలంగాణమునకు ప్రత్యేకమైన అనుభవము కలదు. 2020 మార్చి నడుమ ఇండొనేషియా దేశమునుండి మతకార్యముపై వచ్చి కరీంనగరములో బస చేసిన బృందములో పలువురికి వ్యాధి సోకినట్లు నిర్ధారణ అయినది. దేశమంతటను లాక్‌డౌన్ ప్రారంభమైనది మార్చి 25న. అంతకు ముందే కరీంనగరములో ముకరంపుర, కాశ్మీర్‌గడ్డ మొదలగు వాడలకు రాకపోకలు నిలిచిపోయినవి. వైద్యసిబ్బంది బృందములు బృందములుగా ఇల్లిల్లు తిరిగి జ్వరము, దగ్గు గలవారిని విచారించినారు. పల్లెలలో ప్రజలు ప్రభుత్వపుటాజ్ఞకై ఎదురుచూడక పొలిమేరలో ముళ్ళకంప వేసి దారులు మూసినారు. మూయుట అందరికిని సులభముగనే తోచినది. భయము ముందు నడచునప్పుడు తలుపులు వాటంతటవే మూతపడును.

తెరచుట మాత్రము అట్లు జరుగలేదు. ఇరువదియొక్క దినములని ఆరంభమైన దిగ్బంధము మే 3 వరకు, పిదప మే 17 వరకు, ఆ పిదప మే 31 వరకు పొడిగింపబడినది. మే 1న కేంద్ర ప్రభుత్వము దేశములోని జిల్లాలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ మండలములుగా విభజించినప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్, నిర్మల్, జగిత్యాల జిల్లాలు నారింజ రంగులోను, పెద్దపల్లి ఆకుపచ్చ రంగులోను చేరినవి. వెంటనే ఇంటింటను రెండు పక్షములు ఏర్పడినవి. “ప్రాణముండిన గదా సంపాదన! ఇంకను మూసియే ఉంచవలెను” అని ఒక పక్షము. “ఆకలితో చచ్చిన వాని లెక్క ఎవ్వరు వ్రాయుదురు? వెంటనే తెరువవలెను” అని మరియొక పక్షము. ఇరువురి మాటలోను సత్యమున్నది. ఇరువురును తాము ప్రేమించువారి కొరకే భయపడినారు. అయినను ప్రాణము ఒక తట్టలోను, జీవనోపాధి మరియొక తట్టలోను పెట్టి తూచిన ఆ తక్కెడయే సరియైనది కాదు.

ఏలయనగా ఆ రెండును ఒకే మనుష్యునిలో ఉన్నవి. సిరిసిల్లలో మరమగ్గము ఆగిన నాడు దానితోబాటు కార్మికుని పొయ్యియు చల్లబడును. జగిత్యాల, నిర్మల్ ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీలకు కార్ఖానానుండి ఆకు, తంబాకు రాని నాడు కూలి లేదు. అట్టి ఇంటిలో మధుమేహమునకు మందు కొనుట ఆగిపోవును. అప్పుడు పోవునది ఉపాధియా, ప్రాణమా? నెలజీతము నిలకడగా వచ్చు ఇంటిలో కూర్చుండి “మరి రెండు నెలలు మూయవలెను” అనుట సులభము. తనకు వేరుగా గది, వాహనము, వైద్యుడు ఉన్నవాడు “అన్నియు తెరువవలెను” అనుటయు అంతే సులభము. ఇరువురును తాము చెల్లింపని మూల్యమునకు బేరమాడినవారే. కావున అడుగవలసిన ప్రశ్న “మూయవలెనా, తెరువవలెనా” అనునది కాదు. మూసినచో ఆ భారమును ఎవ్వరు మోయుదురు? తెరచినచో ఆ అపాయమును ఎవ్వరు మోయుదురు? నిర్ణయించువాడు అందులో ఎంత పాలు మోయును? ఇదియే ధర్మప్రశ్న.

ఈ ప్రశ్నను ప్రపంచములోని పండితులును ఎదుర్కొన్నారు. 2020 అక్టోబరులో అమెరికా దేశమున గ్రేట్ బారింగ్టన్ ప్రకటన వెలువడినది. వృద్ధులను, బలహీనులను కాపాడుచు, తక్కినవారిని యథాప్రకారము బ్రతుకనీయవలెనని దాని సారాంశము. అదే నెలలో జాన్ స్నో పత్రము పేర మరికొందరు శాస్త్రజ్ఞులు దానిని ఖండించినారు. సంఘములో వ్యాధిని విచ్చలవిడిగా వ్యాపింపనిచ్చి బలహీనులను మాత్రము వేరుచేసి కాపాడుట సాధ్యము కాదని వారి వాదము. ఈ రెండవ మాటకు మన ఇండ్లే సాక్ష్యము. రెండు గదుల పెంకుటింటిలో తాత, తండ్రి, మనుమడు ఒకే కుండనీరు త్రాగుచుందురు. మనుమడు బజారుకు పోయి వచ్చినచో అవ్వను ఏ గదిలో దాచవలెను? అయితే మొదటి పక్షము ఎత్తిచూపిన బాధయు కల్ల కాదు. మూసివేతవలన బడిపిల్లలును, రోజుకూలి మీద ఆధారపడినవారును అందరికంటె ఎక్కువగా నష్టపోయినారు. ఒక పక్షము చూపిన పరిష్కారము పొసగనంత మాత్రమున అది చూపిన దుఃఖము లేకుండ పోదు.

మూసివేత భారము ఎవరిపై పడినదో 44వ జాతీయ రహదారి చూచినది. హైదరాబాదునుండి నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా నాగపురమునకు పోవు ఆ దారిలో, మండుటెండలలో, వలసకూలీలు బిడ్డలను భుజములపై వేసికొని ఉత్తరదిక్కుగా నడచినారు. తెలంగాణ ప్రభుత్వము ఆహారభద్రత కార్డు గలవారికి మనిషికి 12 కిలోల బియ్యము, కుటుంబమునకు 1,500 రూపాయలు ఇచ్చినది. వలసకూలీలకును 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ప్రకటించినది. అది మేలే. కాని మనుష్యునకు బియ్యముతోబాటు తనవారి ముఖమును కావలెను. 2020 మే 1న లింగంపల్లినుండి ఝార్ఖండులోని హటియాకు దేశములోని మొదటి శ్రామిక రైలు కదలినది. అప్పటికి దిగ్బంధము ఆరంభమై అయిదు వారములు దాటినవి. ఆ రైలు మొదటి వారములోనే కదలియుండినచో ఎన్ని పాదములు బొబ్బలెక్కక ఉండెడివో ఊహింపవచ్చును. వ్యాధి వ్యాపించునను భయమువలన ఆపితి మనుట సమాధానమే గాని, ఆ భయము యొక్క వెల అంతయు నిలువనీడ లేనివాడే చెల్లింపవలసి వచ్చుట న్యాయము కాదు.

మరియొక విషయమును మరువరాదు. అందరును ఇంటిలో ఉన్నారని చెప్పిన ఆ దినములలో అందరును ఇంటిలో లేరు. సింగరేణి ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గు తవ్వినారు. రామగుండములో విద్యుత్తు ఉత్పత్తి చేసినారు. పారిశుద్ధ్య కార్మికులు వీధులు ఊడ్చినారు. ఆశా కార్యకర్తలు గడపగడపకు తిరిగినారు. ఇంటిలో ఉన్నవాని ఇంట దీపము వెలిగినదన్నచో, బయట ఉన్నవాడు అపాయమును భరించినందువలననే. పన్నెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు బోధించిన కాయక సిద్ధాంతము ఇచ్చట ఎంతయు స్మరణీయము. కాయకమనగా పొట్టకూటికై చేయు పని మాత్రమే కాదు, మనుష్యుని గౌరవము. కావున ఒకని పనిని ఆపుట అతని కూలిని మాత్రమే గాక అతని నిలువుటెత్తును తగ్గించుట. అయితే ఇతరులకు కీడు కలిగించునది కాయకము కాజాలదు. దానికి తోడుగా చెప్పబడినది దాసోహము. తనకు మిగిలినది విసరివేయుట దాసోహము కాదు, ఇతరుని భారములో పాలుపంచుకొనుట. పని చేయు హక్కును, కీడు చేయకుండు నియమమును, భారము పంచుకొను బాధ్యతను ఈ రెండు మాటలు ఒక్కచోట నిలుపుచున్నవి. సడలింపును గూర్చిన చర్చలో ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను నిర్ణయము వంకర పోవును.

సడలింపు మంచిదా, చెడ్డదా అని మొత్తముగా తేల్చుటకంటె, అది ఎట్లు జరిగినదని చూచుట మేలు. ఇందుకు మన ప్రాంతమునుండియే రెండు దృష్టాంతములు చాలును. 2020 యాసంగి పంట కోతకు వచ్చినప్పుడు లాక్‌డౌన్ అమలులో ఉన్నది. వరి కోయకున్నచో గింజ రాలును. కోసి మార్కెట్ యార్డుకు తెచ్చినచో వేలమంది గుమిగూడుదురు. అప్పుడు ప్రభుత్వము రైతును యార్డుకు రప్పించుటకు బదులుగా కొనుగోలు కేంద్రమునే గ్రామమునకు పంపినది. రాష్ట్రమున సుమారు 7,000 కేంద్రములు ఏర్పడినవి. రైతులకు టోకెన్లు ఇచ్చి, దినము నిర్ణయించి, వంతులవారీగా ధాన్యము తూచినారు. తూకములో తరుగు గూర్చి, హమాలీల కొరత గూర్చి ఫిర్యాదులు లేకపోలేదు. అయినను పంటయు ఆగలేదు, జనసమ్మర్దమును తగ్గినది. ముందుగా యోచించి దారి వేసిన సడలింపు అనగా ఇది.

రెండవ దృష్టాంతము మే 6 నాటిది. నాడు రాష్ట్రములో మద్యము దుకాణములు తెరచినారు. ధర సగటున 16 శాతము పెంచినను, ఉదయము తలుపు తీయకముందే బారులు తీరినవి. ప్రభుత్వమునకు రాబడి కావలెను. ఆ రాబడితోనే వైద్యశాలలును నడువవలెను. ఈ వాదమును తోసివేయలేము. కాని తెరచు క్రమమును చూచినచో సంఘము దేనిని ముందు తలచుకొనినదో తెలియును. మద్యము దుకాణములకు 2020 మే నెలలోనే అనుమతి వచ్చినది. సినిమాశాలలకు నవంబరులో వచ్చినది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు 2021 ఫిబ్రవరి 1న బడి తెరచి, మార్చి 24నుండి మరల మూసినారు. ఒకటవ తరగతి బిడ్డ బడిగడప తొక్కినది 2021 సెప్టెంబరు 1న. అనగా 2020 మార్చి నడిమినుండి ఇంచుమించు ఏడాదిన్నర కాలము ఆ బిడ్డ పలక మూలనే పడియున్నది.

బడిని ఆలస్యముగా తెరచుటకు కారణము లేకపోలేదు. పిల్లలకు ఏమైన అగునేమోయని తల్లిదండ్రులు వణికినారు. 2020 సెప్టెంబరునుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములు ప్రసారము చేసినారు. పట్టణములో చేతిలో ఫోనున్న బాలుడు ఎంతో కొంత విన్నాడు. ఉట్నూరు ఏజెన్సీలో సిగ్నలు అందని గోండు గూడెములోని బాలికకు ఆ పాఠము ఆకాశవాణియే గాని, చెవిసోకిన వాణి కాలేదు. ప్రైవేటు బడుల ఉపాధ్యాయులు జీతములు లేక కూరగాయలమ్మినారు, కూలికి పోయినారు. 2021 ఏప్రిల్‌లో వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ప్రకటించువరకు వారి గోడు విన్నవారు తక్కువ. బిడ్డకు ఓటు లేదు, సంఘము లేదు, ఆదాయము లేదు. అందువలననే ఆమె వంతు చివర వచ్చినది. బలము గలవాని తలుపు ముందు తెరచుట రాజకీయము కావచ్చును. నోరులేని వాని తలుపు ముందు తెరచుటకు ఉపాయము వెదకుట ధర్మము.

ఇక సడలింపులో నిదానము ఎందుకు కావలెనో గ్రహింపవలెను. ఈ వ్యాధి సోకినవాడు లక్షణములు కనబడకముందే ఇతరులకు అంటించగలడు. నేడు బజారు తెరచినచో దాని ఫలితము నేడు తెలియదు. సుమారు రెండు వారముల పిదప ఆసుపత్రి మంచములపై తెలియును. కావున ఒక మెట్టు దిగి, నిలిచి, చూచి, పిదప రెండవ మెట్టు దిగవలెను. 2021లో రెండవ ఉధృతి వచ్చినప్పుడు తెలంగాణ ప్రభుత్వము మే 12నుండి మరల లాక్‌డౌన్ విధించి, ఉదయము 6 గంటలనుండి 10 గంటలవరకు మాత్రము వెసులుబాటు ఇచ్చినది. మే నెలాఖరునుండి దానిని మధ్యాహ్నము 1 గంట వరకు, జూన్ 10నుండి సాయంత్రము 5 గంటల వరకు పెంచినది. జూన్ 20నుండి పూర్తిగా ఎత్తివేసినది. మెట్టుమెట్టుగా దిగిన ఈ పద్ధతి సమంజసమైనది. అయితే ఇందులో ఒక పాఠము దాగియున్నది. దినమంతటి అవసరములను నాలుగు గంటలలోనికి కుదించినప్పుడు కూరగాయల అంగళ్ళ ముందు, కిరాణాదుకాణముల ముందు జనము క్రిక్కిరిసినారు. సన్నని ద్వారమువద్దనే త్రొక్కిసలాట జరుగును. కొన్నిమార్లు సమయము తగ్గించుటకంటె పెంచుటయే సురక్షితము. కట్టుదిట్టము చేసినంత మాత్రమున క్షేమము కలుగదు. కట్టు ఎచ్చట బిగించవలెనో తెలిసియుండవలెను.

మెట్టు దిగువారు అవసరమైనచో మరల ఎక్కుటకును సిద్ధముగా ఉండవలెను. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశములోనే కోటికి మించిన ప్రాణములు బలిగొన్నది. ఆ కాలమున అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరవాసులు నవంబరు 21న ఆజ్ఞ తొలగినదే తడవుగా ముఖముల మీది మాస్కులు తీసివేసి వేడుక చేసికొన్నారు. 1919 జనవరిలో ఆ ఆజ్ఞను మరల విధింపవలసి వచ్చినది. మనమును అదియే చేసినాము. 2021 జనవరి 16న టీకా కార్యక్రమము ప్రారంభము కాగానే, టీకా మన చేతికి అందకముందే భయము మనస్సునుండి తొలగిపోయినది. ఫిబ్రవరి నెలలో పెండ్లిళ్ళు, సభలు, విందులు యథేచ్ఛగా సాగినవి. మహారాష్ట్రములో వ్యాధి పెచ్చు పెరుగుచున్నను పెన్‌గంగకు ఈవలి ఒడ్డున ఉన్నవారు అది ఆవలి ఒడ్డు సంగతి యనుకొన్నారు. ఏప్రిల్, మే నెలలలో ప్రాణవాయువు సిలిండరు కొరకు పరుగెత్తిన కుటుంబములు ఆ ఏమరుపాటు వెల చెల్లించినవి. ప్రభుత్వము ఆంక్షను సడలించినది గాని, వ్యాధి తన స్వభావమును సడలించలేదు. ఈ చిన్న భేదమును గుర్తింపకపోవుటయే పెద్ద అనర్థమునకు మూలమైనది.

సురక్షితముగా తెరచుటకు మాస్కు, దూరము, టీకా ఎంత ముఖ్యమో, నిందలేమియు అంత ముఖ్యము. ఈ మాట కొందరికి వింతగా తోచవచ్చును. వ్యాధిని అదుపులో ఉంచి సంఘమును నడుపవలెనన్నచో, జ్వరము వచ్చినవాడు మొదటి దినముననే ముందుకు వచ్చి చెప్పవలెను. చెప్పినచో తన వాడకు, తన కులమునకు, తన మతమునకు మచ్చ వచ్చునని, అద్దె ఇల్లు ఖాళీ చేయింతురని, శవమును కూడ ఊరిలోనికి రానీయరని భయపడువాడు ఏల చెప్పును? దాచును. దాచినవానివలన పదిమందికి సోకును. ఆనాడు కొందరు ఒక మతమువారిని వేలెత్తి చూపినారు. కొన్నిచోట్ల వైద్యసిబ్బందినే ఇండ్లలోనికి రానీయలేదు. సూక్ష్మక్రిమికి కులమతములు తెలియవు. అది కనుగొనునది ఊపిరినే గాని పేరును కాదు. రోగిని దోషిగా చూచు సంఘము తలుపులు తెరచినను మనస్సు మూసికొనియే యుండును. అట్టి చోట ఏ సడలింపును క్షేమకరము కాదు.

ఇన్ని విషయములు విచారించిన పిదప తేలునది ఒక్కటియే. ఆంక్ష అనునది బయటినుండి కట్టిన కట్టు. నియమము అనునది లోపలినుండి కట్టుకొనిన కట్టు. బయటి కట్టు ఎంత సడలునో లోపలి కట్టు అంత బిగియవలెను. పోలీసు చౌరస్తాలో నిలిచియున్నప్పుడు మాస్కు ధరించుట జరిమానాకు భయపడుట. అతడు వెళ్ళిపోయిన పిదప, దగ్గు వచ్చిన దినమున పెండ్లివిందుకు పోక ఇంటనుండుట ధర్మము. సడలింపు నాడు బాధ్యత తొలగిపోదు. అది ప్రభుత్వము చేతినుండి ప్రతివాని చేతికి వచ్చును. అయితే ఈ మాటను ప్రభుత్వము తన భారమును దించుకొనుటకు సాకుగా వాడుకొనరాదు. పనికి పోక తప్పనివానికి రక్షణయు, పని ఆగినవానికి కూలియు, రోగికి మంచమును, ప్రజలకు దాపరికము లేని లెక్కలును ఇచ్చిన పిదపనే పాలకుడు ప్రజలను నియమమడుగుటకు అర్హుడగును.

మరల ఎప్పుడైన అట్టి దినములు వచ్చినచో, మూయవలెనను వారును, తెరువవలెనను వారును వాదమునకు దిగకముందు ఒక్క నిమిషము ఆగి, తమ మాట నెగ్గినచో నష్టపోవు మనుష్యుని తమ కన్నుల ఎదుట నిలుపుకొనవలెను. మూయుమనువాడు ఆగిన మగ్గము ముందు కూర్చున్న సిరిసిల్ల కార్మికుని తలచవలెను. తెరువుమనువాడు అదే ఇంటి మూలగదిలో ఆయాసపడుచున్న అతని తల్లిని తలచవలెను. ఆ ఇరువురును ఒకే ఇంటివారని గుర్తించిన నాడు వాదము తగ్గి ఉపాయము పుట్టును. గ్రామమునకు వచ్చిన ధాన్యకేంద్రమువలె, ఇరువురిని కాపాడు మార్గము వెదకినచో దొరకకపోదు.